సగం గొంతు గీయకు, బిడ్డా

చిరంజీవి మేనకోడలికి,
నల్లగొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రుల మధ్య, అంటే గొంతులో ఊగి స్వరం పుట్టించే రెండు మడతల మధ్య, గాలి ఎలా పారుతుందో కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంది. నీ పని విని ఎంత మురిసిపోయానో, అంత గుబులు కూడా పట్టుకుంది.

మామూలు మాటకు ఊపిరితిత్తుల వైపు పీడనం 500 నుంచి 1000 పాస్కల్స్ మధ్య పెట్టు. మెష్, అంటే గాలి దారిని ముక్కలు చేసే గళ్ల వలలో గడి సైజునూ, టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో దాటే సమయాన్నీ సగానికి తగ్గించి మళ్లీ నడుపు. ఫలితం మారితే ఇంకా తగ్గించు. తంత్రులు మూసుకునే చోట మెష్ నలిగిపోకుండా సన్నని సందు వదిలితే, అది ఎంతో రాసిపెట్టుకో.

ఇక అసలు మాట. రెండు తంత్రులూ ఒకేలా ఉంటాయి కదా అని ఒకదాన్నే గీసి, రెండోది అద్దంలో నీడలా అచ్చం అలాగే ఉందని లెక్కలో అనుకోవడం పాత అలవాటు. 1972లో ఇషిజాకా, ఫ్లానగన్ అనే పరిశోధకులు చేసిన స్వరతంత్రుల నమూనా కూడా రెండూ ఒకే తీరుగా ఊగుతాయనే అనుకుంది. ఆనాటి కంప్యూటర్లకు అదే గొప్ప. నీకేమి అడ్డం? సందులోంచి దూకే గాలి ప్రతిసారీ నడిమధ్యగానే పోదు. సాగర్ కాలువ తూము నుంచి వచ్చే నీరు ఒక గట్టును ఒరుసుకుపోయినట్టు, అదీ ఒక పక్కకు ఒరగవచ్చు. సగం బొమ్మలో ఆ ఒరుగుడే ఉండదు.

ఆ సగం బొమ్మలో మీ అమ్మ గొంతు కూడా ఉండదు. దేవరకొండ బడిలో పాఠం చెబితే వరండా చివరిదాకా వినిపించిన గొంతు అది. థైరాయిడ్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిని ఎడమ తంత్రి కదలడం మానేసింది. రెండూ కలవక, గాలి వృథాగా జారిపోతుంది. నాలుగు మాటలకే ఆయాసం. తొందరలో నువ్వు సగమే గీశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ముందు ఆరోగ్యమైన గొంతును నడిపించు. తంత్రులు సెకనుకు మగవారికి సుమారు 120, ఆడవారికి 200 సార్లు ఊగుతాయి. దానికి దగ్గరగా రావాలి. ఆ తర్వాత ఎడమదాన్ని కదలకుండా కట్టి చూడు. అలాంటి తంత్రిని మధ్యకు జరిపే శస్త్రచికిత్స ఉంది. ఎంత జరిపితే గాలి కారదో నీ లెక్క చెప్పగలదేమోనని నాకూ ఆశ.

అయితే మనుషుల మీద తీసిన కొలతలతో సరిపోలేదాకా ఆ మాట అమ్మ దగ్గర ఎత్తకు. ఆపరేషన్ అంటేనే బెదిరిపోయి ఉంది. ముందు నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. వేళకు తిను తల్లీ.

మీ మామయ్య