మ్యూజిక్ ప్లేయర్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. చెన్నైలో సంగీతం కోర్సులో చేరుతున్నావనీ, ఫోను పక్కన పెట్టి సాధన చేసుకోవడానికి విడిగా ఒక మ్యూజిక్ ప్లేయర్ కొనాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. పాఠం వింటుండగా వాట్సాప్ మోగకూడదన్న పట్టుదల ఈ వయసులోనే నీకు కలిగినందుకు గర్వపడ్డాను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బును అట్టపెట్టె మీది అంకెలు చూసి ఖర్చు చేస్తావేమోనన్న దిగులు కూడా ఆ వెంటనే మొదలైంది.

రంగు, బరువు, తెర సైజు నీ ఇష్టం. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు, మామూలు 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్, టైప్ సి ఛార్జింగ్ ఉండేలా చూసుకో. సీడీని మించిన నాణ్యత అని చెప్పే ‘హై రిజల్యూషన్’ ముద్ర కోసం అదనంగా డబ్బు పోయవద్దు. సీడీలో ఉండేది 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ధ్వని. దానిని నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా ఉన్నదున్నట్టు వినిపిస్తే నీ అవసరానికి చాలు. టేపుల నుంచి ఎక్కించిన పాత కచేరీలను ఎంత ఖరీదైన ప్లేయర్‌లో వేసినా టేపులో లేనిది వాటికి కొత్తగా రాదు.

షాపుకు వెళ్ళేటప్పుడు నీ పాటల కార్డు వెంట తీసుకువెళ్ళు. రాగం, తానం, పల్లవి విడివిడి ట్రాకులుగా ఉన్న కచేరీ ఒకటి వేసి, ఒక ట్రాకు ముగిసి మరొకటి మొదలయ్యే చోట చెవి పెట్టి విను. ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లోనూ చివరలోనూ కాస్త నిశ్శబ్దం చేరుతుంది. దానిని తీసేసి వినిపించే ప్లేయర్లు ఉన్నాయి, అలాగే వదిలేసేవీ ఉన్నాయి. తంబురా శ్రుతి అక్కడ తెగితే ఆ ప్లేయర్ నీకు వద్దు. పాటలో ఒక ముక్కకు మొదలు, చివర గుర్తు పెట్టి మళ్ళీ మళ్ళీ వినే ఎ-బి రిపీట్ ఉందో లేదో అడుగు. కీర్తనలో ఒక సంగతి గొంతుకు పట్టుబడేదాకా నీకు అదే దిక్కు. ఆ గుర్తులు పెట్టేటప్పుడు బ్లూటూత్ వాడకు. ధ్వని కాస్త ఆలస్యంగా చెవిని చేరడం వల్ల గుర్తు గురి తప్పుతుంది. తెలుగులో పేరు పెట్టిన ఫైలును కూడా తెరిచి చూడు. కొన్ని చిన్న ప్లేయర్లలో ‘కల్యాణి’ యవత్తు విడిపోయి కనిపిస్తుంది, కొన్నింటిలో ఖాళీ గళ్ళే వస్తాయి. సంచిలో చెయ్యి పెట్టి, తెర చూడకుండా పాట ఆపగలిగే మీటలు తప్పనిసరి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిదానంగా చదువు. 2005 ప్రాంతంలో మీ చిన్నమామయ్య ఎంతో ముచ్చటపడి ఒక డిజిటల్ ప్లేయర్ కొన్నాడు. మీ అమ్మమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు తాతయ్య క్యాసెట్లలో రికార్డు చేసి ఉంచారు. టేప్‌రికార్డర్‌కు తీగ కలిపి, రాత్రుళ్ళు కూర్చుని, వాడు వాటన్నింటినీ అందులోకి ఎక్కించాడు. అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి దింపేటప్పుడు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ పాటలను తన సొంత ఫార్మాట్‌లోకి మార్చి, ఆ ఒక్క కంప్యూటర్‌లోనే తెరుచుకునేలా తాళం వేసేదని వాడికి తెలియదు. పాటలు కంప్యూటర్‌లో చేరాయి కదా అని ప్లేయర్‌లో చెరిపేశాడు. క్యాసెట్లతో ఇక పనేముందని వాటి మీద సినిమా పాటలు రికార్డు చేయించాడు. కొన్నాళ్ళకు వైరస్ సోకి కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయవలసి వచ్చింది. ముందుజాగ్రత్తగా ఫైళ్ళను సీడీలోకి కాపీ చేసుకున్నాడు కానీ, తర్వాత వాటిని నొక్కితే అనుమతి లేదన్న సందేశం తప్ప పాట రాలేదు. పేర్లన్నీ వరుసగా కనిపిస్తూనే ఉండేవి. తెలిసిన వాళ్ళందరి దగ్గరకూ ఆ సీడీ పట్టుకుని తిరిగాడు పాపం. నీవు పుట్టేనాటికే అమ్మమ్మ లేదు. మంద్రంలో నీ గొంతు అచ్చం ఆమెదే అని మేమంతా అంటూ ఉంటాం, నీకు వినిపించడానికి మా దగ్గర ఏదీ మిగలలేదు.

అందుకని, డబ్బు ఇచ్చే ముందే ఆ ప్లేయర్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూపించమను. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోవాలి. ఒక ఫైలు అందులోకి వెళ్ళాలి, అదే ఫైలు బయటికి వచ్చి మరొక కంప్యూటర్‌లో మోగాలి. షాపు అతను విసుక్కుంటే విసుక్కోనీ. మీ గురువుగారి పాఠాలు వారి అనుమతితో రికార్డు చేసుకుంటే, ఆ రోజే మరో రెండు చోట్ల కాపీ పెట్టుకో. లోపల బిగించిన బ్యాటరీ ఏళ్ళు గడిచేకొద్దీ నీరసిస్తుంది, అది పోయిన రోజు పాటలు పోకూడదు.

చెవుల గురించి నిన్ను కోప్పడక తప్పదు. పండక్కి వచ్చినప్పుడు ఎన్నిసార్లు పిలిచినా నీవు పలకలేదు, ఇయర్‌ఫోన్లలోని పాట మాత్రం నాకు వినిపించింది. 80 డెసిబెల్స్‌తో అయితే వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధ్వని పెరిగేకొద్దీ ఆ గడువు వేగంగా తగ్గిపోతుంది. వాల్యూమ్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ ఉన్న ప్లేయరే తీసుకో, ఆ హద్దు మొదటి రోజే పెట్టు. లోకల్ రైలు రొదలో పాఠం వినకు, రోడ్డు దాటేటప్పుడు అసలే వద్దు. గమకం పట్టుకోవలసిన చెవులమ్మా అవి, జాగ్రత్తగా చూసుకో.

రెండు మూడు ప్లేయర్లు చూశాక వాటి పేర్లు నాకు రాయి, కలిసి ఆలోచిద్దాం. డబ్బు తక్కువైతే మీ అమ్మతో అనకుండా నాకే చెప్పు.

ఇట్లు,
మామయ్య