ఉగ్రవాదుల్ని ఆపడంలో గేమ్ థియరీ ఎలా పనికొస్తుంది?

ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మన ఎత్తు వేసే లెక్కే గేమ్ థియరీ. మా కోనసీమలో కొబ్బరితోట కాపలా కాసేవాళ్లకి ఈ లెక్క తెలుసు. రోజూ రాత్రి పదింటికే కాలువగట్టు వైపు తిరిగితే దొంగ పదకొండింటికి వస్తాడు. ఉగ్రవాది కూడా అంతే, ముందు కాపలాని గమనించి, తర్వాతే చోటు ఎంచుకుంటాడు. దీన్నే స్టాకెల్‌బర్గ్ గేమ్ అంటారు. అందుకే గస్తీ ఎవరూ ఊహించలేనట్టు ఉండాలి. అలాగని చీట్లు వేసినట్టు అన్ని చోట్లకీ సమానంగా కాదు, ఎక్కువ ప్రాణనష్టం జరగగల చోటుకి ఎక్కువసార్లు వెళ్లాలి. 2007లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త మిలింద్ తాంబే బృందం తయారుచేసిన ఆర్మర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాహనాల తనిఖీల్ని, జాగిలాల గస్తీని ఇలాగే నిర్ణయించింది.

అసలు చిక్కు వేరే ఉంది. 1973లో అమెరికా విమానాశ్రయాల్లో మెటల్ డిటెక్టర్లు పెట్టాక హైజాక్‌లు తగ్గాయి, బయట మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం పెరిగింది. అంటే ఒకచోట కాపలా పెంచితే దాడి మరోచోటికి మళ్లుతుంది. పుష్కరాలప్పుడు రాజమండ్రి ఘాట్లన్నిటినీ కలిపే లెక్క వేయాలని నేననేది అందుకే.