విందు దొరగారిది, పొయ్యి దొరసాని గారిది

"మా అక్కా బావా మిషనరీలుగా ఆఫ్రికా వెళ్తున్నారు. పరాయి దేశంలో అలాంటి దంపతుల రోజులు, పండుగలు ఎలా గడుస్తాయి?" అని మీరు అడిగారు. నేను దగ్గరగా చూసింది గుంటూరుకు వచ్చిన ఒక అమెరికా జంటను. దేశం మారినా కథ మారదని నా నమ్మకం.

1980లలో మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. మా క్వార్టర్స్ ఎదురుగానే వాళ్ల బంగళా. తెల్లదొరల పాలన పోయి ఎన్నాళ్లయినా కాంపౌండులో అందరికీ ఆయన దొరగారే, ఆమె దొరసాని గారే. తెల్లవారకముందే ఆమె నీళ్లు కాచి వడపోసేవారు. ఎండ ఎక్కేసరికి వరండా నిండా జనం. ప్రార్థన కోసం వచ్చేవాళ్లు కొందరే. మిగతా వాళ్లకు కొడుకు ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం కావాలి, కూతురికి నర్సింగ్ సీటు కావాలి. తెల్లమొహం కనబడితే సంతకం అడగకుండా ఉండలేకపోవడం మనవాళ్ల జబ్బు, ఇప్పటికీ తగ్గలేదు. దొరగారు జీపెక్కి పల్లెలకు వెళ్లిపోయేవారు, వరండా ఆమెకు మిగిలేది. మధ్యాహ్నం కరెంటు లేని గదిలో మున్షీ గారి దగ్గర తెలుగు పాఠం. సాయంత్రం టైపు మిషను ముందు కూర్చుని అమెరికాలోని సంఘాలకు నెలవారీ ఉత్తరం కొట్టేవారు. కింద సంతకం మాత్రం ఆయనది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెకు ముందే ఇద్దరూ కొడైకెనాల్ వెళ్లేవారు. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన బడి అక్కడ ఉంది. వాళ్ల పిల్లలు అందులోనే చదివేవారు. నన్నడిగితే ఆమెకు అసలు పండుగ అదే.

ఇక కాంపౌండులో చేసుకున్న పండుగ సంగతి. నవంబరు నాలుగో గురువారం అమెరికావాళ్లకు థాంక్స్‌గివింగ్, మన కోతకాల కృతజ్ఞత కూటం లాంటిదే. ఆ రోజు టర్కీ కోడి ఉండాలట. ఆ ఊళ్లో అప్పుడెక్కడ దొరుకుతుంది? నాటుకోళ్లు తెప్పించారు. సమయానికి ఓవెన్ పాడైంది. మా అమ్మ పెద్ద డేగిసాలో ఇసుక పోసి, మూత మీద బొగ్గులు పేర్చి, గుమ్మడికాయతో 'పై' అనే తీపి వంటకం వండించింది. పొద్దున్నుంచీ అమ్మా దొరసాని గారూ పొగలోనే ఉన్నారు. పిలిచింది ఆసుపత్రి డాక్టర్లను, పాస్టరు అయ్యగారిని, అమ్మగారిని, మమ్మల్ని. అయ్యగారు మామగారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. నర్సులు పిల్లల్నీ చుట్టాల్నీ తెచ్చారు. బల్ల దగ్గర కుర్చీలు చాలక సగం మంది గోడకు ఆనుకుని నిలబడ్డారు.

దొరగారు సముద్రం దాటి వచ్చిన తమ పూర్వీకుల గురించి చాలాసేపు మాట్లాడి ప్రార్థన చేశారు. కోడి, మెదిపిన బంగాళాదుంప, 'పై' అన్నీ అయిపోయాయి. ఎవరూ లేవలేదు. అయ్యగారి మామగారు చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా, "అన్నం ఎప్పుడు వడ్డిస్తారమ్మా?" అని అడిగారు.

మున్షీ గారి పుణ్యమా అని ఆ మాట ఆమెకు పూర్తిగా అర్థమైంది. ముఖం ఎర్రబడింది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. మా ఇంట్లో అన్నం, గోంగూర పప్పు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అమ్మకు మనవాళ్ల సంగతి తెలుసు. నేను పప్పు గిన్నె మోసుకొచ్చాను. దొరసాని గారు చాప పరిపించి, ఆ పెద్దాయన పక్కనే కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నారు, పెద్దగా నవ్వుతూ. ఆదివారం గుడిలో అయ్యగారి ప్రకటన: "దొరగారు మనకు గొప్ప విందు చేశారు." ఆ మాట గుర్తొస్తే అమ్మకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకూ మండుతుంది. గుంటూరులో ఎవరి పేర్లు నిలిచాయో చూడండి. 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అప్పటికే భార్యను పోగొట్టుకున్న మనిషి. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. ఆమెను వైద్యురాలిగా పంపడానికి మిషన్ బోర్డు మొదట ఒప్పుకోలేదు కూడా. అయినా 1898 నాటికి ఆసుపత్రి తెరిపించింది, ఈ ఊరు దాన్ని ఆమె పేరుతోనే పిలుచుకుంది. ఎవరి భార్యగానో వచ్చి ఉంటే ఆ ఆసుపత్రి దొరగారు కట్టించినదయ్యేది. పందెం కాస్తాను.

ఇప్పుడు వచ్చే అతిథుల తీరు వేరు. విజయవాడలో ఏసీ హోటలు, వేదిక మీద శాలువాలు, ప్రసంగీకుడి కన్నా గట్టిగా అరిచే అనువాదకుడు, పది రోజుల్లో తిరుగు విమానం. భార్య పక్కన కూర్చుని చప్పట్లు కొడుతుంది. వాళ్లను చూసి మిషనరీ జీవితం అదే అనుకోకండి.

మీ అక్కగారికి ప్రెషర్ కుక్కరు, దానికి నాలుగు అదనపు రబ్బర్లు కొనిపెట్టండి. బావగారికి మాత్రం ఒకటే చెప్పండి: సంఘాలకు పంపే ప్రతి ఉత్తరం కిందా ఇద్దరి సంతకాలూ ఉండాలి, ఆవిడది ముందు.