మోరా కత్తిని మలుచుకోవాలంటే: పిడి మీది, పదును ఫ్యాక్టరీది

ఎర్ర కర్ర పిడి ఉన్న మోరా క్లాసిక్ నంబర్ 1 కొన్నానని, పెద్ద యంత్రాలేవీ లేకుండా దాన్ని నా చేతికి తగ్గట్టు మలుచుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నిక్షేపంగా మలుచుకోవచ్చు. ఈ పనికి ఇంతకంటే అనువైన కత్తి దొరకడం కష్టం. ధర తక్కువ కాబట్టి చేయి వణకదు, ఉక్కు మంచిది కాబట్టి పడిన శ్రమ వృథా పోదు. నేను చెక్క చెంచాలు చెక్కడానికి, క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు వంటకీ ఇలాంటిదే వాడుతున్నాను.

ముందుగా ఒక హద్దు గీసుకోండి. స్వీడన్‌లోని మోరా ఊరి దగ్గర 1891 నుంచి ఈ కత్తుల తయారీ సాగుతోంది. వాళ్ళ అసలు పనితనమంతా ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్ళీ తగినంత వేడి చేసి దానికి గట్టిదనం ఇవ్వడంలో ఉంది. అది ఇంట్లో చేసుకునే పని కాదు, కానీ ఇంట్లో చెడగొట్టుకోవడం మాత్రం చాలా తేలిక. బ్లేడు వేడి సుమారు 200 డిగ్రీలు దాటితే గట్టిదనం సడలడం మొదలవుతుంది. ఇనుము సానపట్టే గ్రైండర్ యంత్రం మీద అంచు లేత పసుపు రంగుకు తిరిగిందంటే హెచ్చరిక, నీలం రంగుకు వచ్చిందంటే ఆ మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే. అందుకే గ్రైండర్ జోలికి పోవద్దంటాను. తప్పనిసరైతే చేతి తొడుగులు లేకుండా పట్టుకుని, వేళ్ళకు వెచ్చగా తగలగానే నీళ్ళలో ముంచాలి.

పిడితోనే మొదలుపెట్టండి. కత్తి సుఖంగా ఉందో లేదో చెప్పేది అదే. మోరా పిడి బర్చ్ అనే చలిదేశపు చెట్టు కర్రతో చేసింది, మధ్యలో లావుగా, పీపా ఆకారంలో ఉంటుంది. ఆ ప్రాంతంలోనే నూస్నెస్ గ్రామంలో తయారయ్యే డాలా గుర్రం బొమ్మలకూ ఇలాంటి ఎరుపే వేస్తారు. నాకు ఆ రంగు ఇష్టం, ఊరికే గీకేయాలంటే మనసొప్పదు. కానీ ఆ నున్నని రంగు తడి చేతిలో జారుతుంది. ముందు బ్లేడుకు అట్ట చుట్టి, దాని మీద దళసరి టేపు వేయండి. కాసేపు ఏదైనా పుల్ల చెక్కుతున్నట్టు పట్టుకుని చూసి, అరచేతికి ఒత్తుకుంటున్న చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. 80 నంబరు ఉప్పు కాగితంతో అక్కడ మాత్రమే అరగదీయండి. మధ్యమధ్యలో ఆపి మళ్ళీ పట్టి చూడండి, తీసేసిన కర్రను తిరిగి అతికించలేరు. ఆకారం కుదిరాక 120, 220, 400 వరుసలో నునుపు చేయండి. చివరికి తడిగుడ్డతో తుడిస్తే కర్ర నూగు పైకి లేస్తుంది. ఆరాక దాన్ని మరోసారి 400తో తీసేస్తే, తర్వాత నీళ్ళు తగిలినా గరుకు పెద్దగా తేలదు. ఈ చిన్న పనిని చాలామంది వదిలేస్తారు.

పూతకు అవిసె నూనె. పెయింటు దుకాణంలో లిన్‌సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. ‘బాయిల్డ్’ అని రాసి ఉన్నది త్వరగా ఆరుతుంది, మామూలుది వారాలు పడుతుంది. పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలినదంతా తుడిచేయండి. మర్నాడు మళ్ళీ అంతే. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి! అవి ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచి ఉంచండి.

ఇక కత్తి వెన్ను. ఫెర్రో కడ్డీని (గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ) గీసి నిప్పు రప్పించాలంటే వెన్ను అంచు నిక్కచ్చిగా 90 డిగ్రీలు ఉండాలి, కానీ క్లాసిక్‌లో అది గుండ్రంగా వస్తుంది. ఇక్కడ ఆకురాయి పెద్దగా పనిచేయదు, గట్టిపడిన ఉక్కు మీద జారిపోతుంది. వజ్రపు పొడి అద్దిన ముతక సానపలకను (డైమండ్ ప్లేటు) బల్ల మీద పెట్టి, పదునుకు టేపు వేసి, కత్తిని నిట్టనిలువుగా పట్టి వెన్నును రుద్దండి. మొత్తం పొడవునా చేయకండి. మొన వైపు సగం చాలు. పిడి వైపు సగం గుండ్రంగానే ఉండాలి, చెక్కేటప్పుడు బొటనవేలు నొక్కేది అక్కడే. ఎండిన వెదురు బద్దను ఆ అంచుతో గీకితే మెత్తటి పొట్టు రాలాలి. రాలిందంటే నిప్పురవ్వలూ వస్తాయి.

బ్లేడుకు నల్లని మెరుగు తెప్పించడం అన్నిటికంటే సరదా పని. ఇనుప కత్తిపీట మామిడికాయల పులుపుకు నల్లబడటం మన ఇళ్ళల్లో చూసిందే, ఇదీ అదే రసాయనం. గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పూర్తిగా పోగొట్టి, వేలిముద్ర కూడా పడకుండా గోరువెచ్చని వెనిగర్‌లో అరగంట ముంచితే ఒకే తీరు బూడిద రంగు వస్తుంది. మబ్బుల్లాంటి మచ్చలు కావాలంటే చిక్కటి చింతపండు గుజ్జు అక్కడక్కడా పూసి వదిలేయండి. తర్వాత కడిగి, వంటసోడా నీళ్ళలో ముంచి తీసి, బాగా తుడిచి కొబ్బరినూనె రాయండి. పులుపు పదునును కాస్త తినేస్తుంది కాబట్టి చివర్లో సానరాయి మీద నాలుగు రుద్దులు తప్పవు. ఈ నలుపు తుప్పును ఆలస్యం చేస్తుంది తప్ప ఆపలేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో నూనె మానేస్తే ఎర్రమచ్చలు వస్తాయి. తోలు ఒర కుట్టించుకుంటే కత్తిని అందులోనే పెట్టి దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

పదును కోణాన్ని మార్చాలనే కోరికను మాత్రం చంపుకోండి. ఇరువైపులా ఉన్న వెడల్పాటి ఏటవాలు భాగాన్ని సానరాయి మీద చదునుగా ఆనిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. కొత్తగా సానపట్టేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి! పిడికి పారాకార్డ్ అనే సన్నని నైలాన్ తాడు చుట్టడం కూడా నాకు నచ్చదు. ఫోటోల్లో బాగుంటుంది గానీ చేతికి ఒరుసుకుంటుంది, తడిస్తే వాసన.

చట్టం సంగతి కూడా అడిగారు. 2016 ఆయుధ నిబంధనల్లో కత్తుల విషయంలో పెట్టిన హద్దు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. దాన్ని దాటినవాటిలో ఇంటి, వ్యవసాయ పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ కత్తి బ్లేడు 4 అంగుళాలే. అలాగని నడుముకు కట్టుకుని బజారుకు వెళ్ళకండి. విమానంలో అయితే చేతిసంచిలో కుదరదు, చెక్ ఇన్ సామానులోనే వేయాలి.