నాన్నగారి ట్యాబ్‌లో ఫాంట్ వేస్తే కేసు పెడతారా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారికి చూపు తగ్గింది. ట్యాబ్‌లోని ఈబుక్ యాప్‌లో అక్షరాలు సన్నగా ఉన్నాయంటే, డీటీపీ సెంటర్లో పనిచేసే ఫ్రెండ్ దగ్గర లావుపాటి ఫాంట్ ఫైలు తీసుకుని వేశాను. హాయిగా చదువుతున్నారు. ఆయన రాసిన కథల్ని అదే ఫాంట్‌తో ఈబుక్ చేసి అమ్మాలనుకుంటున్నాం. కేసవుతుందని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

జవాబు: యాప్‌లో బయటి ఫాంట్ వేసుకోవడం తప్పు కాదండీ, టెన్షన్ పడకండి. ఆ సౌకర్యం ఇచ్చిందే అందుకు. చూడాల్సింది ఆ ఫైలు మీకెలా వచ్చిందన్నది.

అక్షరం ఆకారం వేరు, ఫాంట్ ఫైలు వేరు. ఆకారానికి మన దేశంలో కాపీరైట్ దొరకడం కష్టం. 2002లో ఒక ఇటాలిక్ అక్షరాల సెట్‌ను కళాకృతిగా నమోదు చేయడానికి కాపీరైట్ బోర్డు ఒప్పుకోలేదు. ఫైలు సంగతి అలా కాదు. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఏ హల్లుకు ఎలా అతకాలి అన్న సూచనలన్నీ అందులో రాసి ఉంటాయి. కాబట్టి నేను దాన్ని కంప్యూటర్ ప్రోగ్రామ్‌గానే లెక్కవేసి సలహా ఇస్తాను.

‘సొంతంగా చదువుకోవడానికే కదా’ అని చాలామంది నాతో అంటారు. కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 సొంత వాడకానికి ఇచ్చిన ఆ మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తించదు. సెంటర్ వాళ్లు కొన్నది వాళ్ల కంప్యూటర్ల కోసం. అక్రమ కాపీ అని తెలిసీ వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడకపోతే, ప్రత్యేక కారణాలు రాసి కోర్టు జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో వదిలేయవచ్చు. ఇంట్లో చదువుకునే పెద్దాయన మీదికి ఎవరో వస్తారని నేననుకోను. అయినా ఆ ఫైలు తీసేయండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. నాన్నగారికైతే నోటో బోల్డ్ వేసి చూడండి.

నాకు అసలు భయం మీ ఈబుక్ గురించే. ఈబుక్‌లకు వాడే ఈపబ్ ఫైలు అంటే ఒక జిప్ మూట. విప్పితే లోపల ఫాంట్ ఫైలు అలాగే కనిపిస్తుంది. వంద మంది కొంటే వంద కాపీలు మీరు పంచినట్టే. అది వ్యాపారం. ఫాంట్ యజమాని సివిల్ కోర్టులో అమ్మకం ఆపించి నష్టపరిహారం అడగవచ్చు, క్రిమినల్ కేసూ పెట్టవచ్చు. డబ్బిచ్చి కొన్న ఫాంటైనా, కంప్యూటర్లో వాడుకోవడానికి ఇచ్చే డెస్క్‌టాప్ లైసెన్స్ ఈబుక్‌కు చాలకపోవచ్చు. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా కూడా పుస్తకంలో పెట్టి పంచడానికి ఇచ్చినవి కావు.

పైన చెప్పిన మండలి, రామభద్ర, నోటో మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవి. పుస్తకంలో పెట్టి అమ్ముకోవచ్చు, ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్మకూడదు. లైసెన్స్ కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి, పుస్తకం చివర ఫాంట్ పేరు, కాపీరైట్ వాక్యం వేయండి.

ఇంకో మాట. కథలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించి ఉంటే, ముందు ఫోన్లు, ట్యాబ్‌లు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించాలి. మార్చాక ఒత్తులు తారుమారవుతుంటాయి, నాన్నగారి చేత ఒకసారి ప్రూఫ్ చూపించండి.

ఫ్రెండ్ ఇచ్చిన ఆ ఫాంటే కావాలంటే దాని యజమానికి మెయిల్ పెట్టి, ఈబుక్‌లో పెట్టి అమ్ముకోవడానికి అనుమతి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అది చేతికొచ్చేదాకా పుస్తకం అప్‌లోడ్ చేయకండి.

– న్యాయవాది, విజయవాడ