పొగిడినవాళ్లూ విసుక్కున్నవాళ్లూ

తమ్ముడూ,

ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం ఎం83 చేసిన 'హర్రీ అప్, వియ్ ఆర్ డ్రీమింగ్' ఆల్బమ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఆ పాటలంటే నీకెంత ఇష్టమో మొదటి పేరాలోనే తెలిసిపోతోంది. ఆ ఇష్టాన్ని దాచుకోకు. అయితే మూడో పేరాకి వచ్చేసరికి "విమర్శకులు ఆకాశానికెత్తారు, శ్రోతల్లో మిశ్రమ స్పందన వచ్చింది" అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. నేను చదవాలనుకున్న కథంతా ఆ వాక్యం కింద పడి నలిగిపోయింది.

నువ్వు పోగుచేసిన వివరాలు సరైనవే. ఆల్బమ్ 2011 అక్టోబరులో వచ్చింది. రెండు డిస్కులు, ఒక్కోదాంట్లో 11 చొప్పున 22 ట్రాకులు, నిడివి గంటా పావుకి కాస్త తక్కువ. అమెరికాలోని సంగీత విమర్శల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి 9.1 ఇచ్చింది, ఇందులోని 'మిడ్‌నైట్ సిటీ'ని ఆ ఏటి మేటి పాటగా ఎంచింది. తర్వాత గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. కానీ మార్కులు చెబితే స్పందన చెప్పినట్టు కాదు. మార్కు వేసిన మనిషి ఏ పాట దగ్గర ఆగాడో, ఎక్కడ విసుగొచ్చిందో రాస్తేనే చదివేవాడికి ఏదైనా అందుతుంది. ఈ ఆల్బమ్‌ని మెచ్చుకున్నవాళ్లలోనే చాలామంది నిడివి ఎక్కువైందన్నారు, పాటల మధ్య వచ్చే చిన్న వాద్య తునకలు ఎందుకన్నారు, ప్రతి పాటా శిఖరం ఎక్కాలని చూస్తోందన్నారు. పొగడ్తా ఫిర్యాదూ ఒకే నోటి నుంచి వచ్చాయి. నువ్వు వాళ్లని రెండు గుంపులుగా విడగొట్టావు.

ఇంకో సంగతి. ఎవరు ఈ ఆల్బమ్ దగ్గరికి ఏ దారిన వచ్చారో చూడు. రివ్యూ రాసేవాడు సాధారణంగా మొదటి నుంచి చివరిదాకా వింటాడు. మామూలు శ్రోతల్లో ఎక్కువమంది ఒక్క పాట పట్టుకుని వచ్చారు. చివరి ట్రాకు 'అవుట్రో' 2012లో 'క్లౌడ్ అట్లాస్' ట్రైలర్‌లో వినబడింది. 'వెయిట్' 2014లో 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' సినిమాలో వచ్చింది. ట్రైలర్‌లో 'అవుట్రో' విన్నవాడికి అది ఒళ్లు గగుర్పొడిచే పాట, అంతే. అదే పాటని 21 ట్రాకులు దాటాక విన్నవాడికి అది ఒక వీడ్కోలు. ఈ ఇద్దరూ ఆ పాట గురించి వాదించుకుంటే నువ్వు మధ్యస్థం చేయకు, సగటు తీయకు. ఇద్దరూ విన్నది వేర్వేరు వస్తువులని చెప్పు.

ఇప్పుడు శాక్సోఫోన్ గురించి. దీని మీద నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, నాకు బాధేసింది. 'మిడ్‌నైట్ సిటీ' చివర జేమ్స్ కింగ్ వాయించిన ఆ సోలో దగ్గరే అభిప్రాయాలు చీలిపోయాయి. పాశ్చాత్య పాప్‌లో 80ల తర్వాత శాక్సోఫోన్ సోలో అంటే పాతబడిన ఆర్భాటం, కాస్త నవ్వుకునే విషయం. అలాంటిదాన్ని ఎం83ని నడిపే ఆంథొనీ గొంజాలెజ్ ఏ వెటకారమూ లేకుండా, పాట కొసన, గుండెల నిండా నమ్మి పెట్టాడు. ఆ నమ్మకమే కొందరిని లొంగదీసింది, మరికొందరికి ఇబ్బందిగా అనిపించింది. నాకైతే ఆల్బమ్ మొత్తానికి అదే తాళంచెవి. ఆ చోటు నచ్చినవాళ్లు మిగతా అతిశయాలన్నీ క్షమించేశారు.

నువ్వు తెలుగులో రాస్తున్నావు కాబట్టి నీకు ఇంకో అవకాశం ఉంది. మన చెవికి శాక్సోఫోన్ ఆ నవ్వులాటని మోసుకురాదు. మనలో ఎంతోమందికి ఆ వాద్యం అంటే కద్రి గోపాల్‌నాథ్ కచేరీ గుర్తొస్తుంది, కాదంటే పాత సినిమాల్లో క్లబ్బు పాట. కాబట్టి అమెరికాలోని విమర్శకుడికి ఎక్కడ సిగ్గేసిందో నీకు అక్కడ సిగ్గేయకపోవచ్చు. అది నీ చెవిలో లోపం కాదు. నీకు ఏం వినబడిందో నేరుగా రాయి, వాళ్ల సిగ్గుని అప్పు తెచ్చుకోకు.

ఈ ఆల్బమ్‌లోని గతం ఎవరిదన్నది కూడా ఆలోచించు. గొంజాలెజ్ 1980లో ఫ్రాన్స్‌లోని ఆంటిబ్‌లో పుట్టాడు. 80లు గడిచేసరికి అతను పదేళ్ల పిల్లాడు. ఆ దశాబ్దాన్ని పెద్దవాడిగా బతకలేదు. యువకుడిగా మెచ్చిన, స్మాషింగ్ పంప్‌కిన్స్ అనే రాక్ బృందం చేసిన 'మెలన్ కాలీ అండ్ ది ఇన్ఫినిట్ సాడ్‌నెస్' లాంటి డబుల్ ఆల్బమ్ చేయాలన్న కోరికతో, లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చాక దీన్ని తయారుచేశాడు. అంటే ఇందులో ఉన్నది 80ల నకలు కాదు, ఒక పిల్లవాడు పెద్దల కాలాన్ని ఊహించుకున్న తీరు. "పాత సింథసైజర్ శబ్దాలు వాడుకున్నాడు" అని కొట్టిపారేసిన వాళ్లు ఈ తేడా పట్టించుకోలేదని నా అభిప్రాయం. 'మిడ్‌నైట్ సిటీ' మొదట్లో కీబోర్డు అనిపించే ఆ కేక నిజానికి అతని గొంతే, వికృతం చేసి పెట్టింది. 2000ల్లో పుట్టిన కుర్రాళ్లు కూడా ఈ పాటలు విని తాము చూడని కాలం మీద బెంగ పెట్టుకుంటున్నారు. ఆ బెంగ దొంగదని తీసిపారేయకు. అతనిదీ దాదాపు అలాంటిదే.

'రాకోంత్ మొయా యున్ ఇస్తువార్' అనే ట్రాకులో ఒక చిన్న పాప, తనని ముట్టుకుంటే లోకం మారిపోయేలా చేసే ఒక కప్ప గురించి చెబుతుంది. దాన్ని దాటేసి ముందుకెళ్లేవాళ్లున్నారు, ఆల్బమ్ ప్రాణం అదేననేవాళ్లున్నారు. నువ్వు ఏ పక్షమో చెప్పి తీరాలి. అక్కడ తప్పించుకుంటే మిగతా వ్యాసాన్ని నమ్మలేం.

ఈసారి రాసేటప్పుడు 'స్వప్నలోకం', 'మాయాజాలం' వంటి మాటలు తీసెయ్. డ్రమ్స్ ఎప్పుడు మొదలయ్యాయో, గొంతు ఎంత వెనక్కి పెట్టారో, ఏ పాట ఎంతసేపు ఊరించి ఎక్కడ విరజిమ్మిందో రాయి. రెండో డిస్కులో నీ వ్యాసం 'అవుట్రో' ఒక్కదాన్నే పట్టుకుంది. 'న్యూ మ్యాప్', 'స్టీవ్ మెక్‌క్వీన్' కూడా కూర్చుని విను, ముందు వాటి మీద ఓ పేజీ రాసి పంపు.

మీ అన్నయ్య