ఊళ్లో బడి ఆటలు, పండుగలు ఫొటో తీయాలంటే: హైదరాబాద్ నుంచి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీది చిన్న ఊరు, జడ్పీ హైస్కూల్ గ్రౌండ్‌లో జరిగే ఆటలు, ఊళ్లో పండుగలు ఫొటోలు తీయాలనుంది, చేతిలో ఉన్నది కిట్ లెన్స్‌తో వచ్చిన మామూలు కెమెరా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. నేనుండేది హైదరాబాద్‌లో, మల్కాజిగిరి వైపు. నగరం కదా, మా ఊరితో పోలికేంటి అనుకోకండి. ఇక్కడ కూడా బస్తీలో ఒక సర్కారు బడి, ఒక పోచమ్మ గుడి, ఒక యువజన సంఘం ఉంటాయి, గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్ల ఎవరింటి పిల్లో చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలుసు. చాలా ఏళ్లుగా నేను తీస్తున్నది ఆ పిల్లల్నే.

సెట్టింగులు తర్వాత చెప్తాను. ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ రోజు గ్రౌండ్‌లోకి దిగిన ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ కనీసం ఒక మంచి ఫొటో రావాలి, ఓడిపోయిన జట్టులో ఆఖర్న రెండు నిమిషాలు ఆడిన వాడికి కూడా. పేపర్ ఫొటోగ్రాఫర్‌కు కప్పు ఎత్తిన ఫొటో ఒక్కటి సరిపోతుంది, అక్కణ్నుంచి ఇంకో చోటికి పరుగెత్తాలి పాపం. మీకు ఆ తొందర లేదు. ఈ ఒక్క నిర్ణయం తీసుకుంటే ఎక్కడ కూర్చోవాలి, ఎటు తిరగాలి, మ్యాచ్ అయ్యాక ఏం చేయాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

దీనికి నేను చేసే పని చాలా సింపుల్. మ్యాచ్ మొదలవ్వక ముందు స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి, అడిగి, స్కోర్ షీట్ ఫొటో తీసుకుంటాను. అందులో చెస్ట్ నంబర్లు, పేర్లు అన్నీ ఉంటాయి. హాఫ్ టైమ్‌లో కెమెరా వెనక్కి తిప్పి చూసుకుంటే ఏ నంబర్లు ఇంకా రాలేదో తెలుస్తుంది, రెండో సగంలో వాళ్ల మీదే ఉంటాను. ఇంటికొచ్చాక ఎవరు ఎవరో అని తల పట్టుకోవాల్సిన పని కూడా ఉండదు. పేరు లేని ఫొటో కొన్నేళ్లు పోతే ఎవరికీ పనికిరాదు, అందుకే పేర్ల విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, అక్షరం తప్పు పోకుండా పిల్లల్నే అడిగి రాసుకుంటాను.

ఇక ఆటలు. మీ దగ్గర కూడా కబడ్డీ, ఖోఖోనే ఎక్కువ ఉంటాయి కాబట్టి వాటి గురించే చెప్తాను. కబడ్డీలో కూతకు వచ్చేవాడి ముఖం డిఫెండర్ల వైపు ఉంటుంది కాబట్టి చాలామంది కెమెరా పట్టుకుని డిఫెండర్ల వెనక ఎండ్ లైన్ దగ్గర సెటిలైపోతారు. కూత మొదట్లో అది మంచి చోటే. కానీ చీలమండ దొరికిన క్షణం నుంచి వాడు మిడ్ లైన్ వైపు తిరుగుతాడు, ముగ్గురు మీద పడ్డా చెయ్యి చాపి, పళ్లు బిగించి, ఆ సున్నపు గీత కోసం మట్టిలో పాకుతాడు, ఆ ముఖం వెనక నుంచి అస్సలు కనపడదు, మీకు వీపులే వస్తాయి. అందుకే నేను మిడ్ లైన్‌కు ఓ పక్కన, లాబీకి (కోర్టు పక్కల ఉండే సన్నని పట్టీకి) అవతల, రిఫరీకి అడ్డం రాకుండా నేల మీద కూర్చుంటాను. రెండు జట్ల కూతలూ అక్కణ్నుంచే దొరుకుతాయి. ఒక్కో కూతకు 30 సెకన్లే టైమ్, అందులో అసలు పోరు రెండు మూడు సెకన్లు, కాబట్టి మొదటి నుంచీ బటన్ నొక్కిపెట్టకండి. డిఫెండర్ చేతులు కిందికి వంగుతున్నప్పుడు మొదలుపెడితే చాలు.

అలా అని ఎండ్ లైన్ వైపు అస్సలు చూడకుండా ఉండొద్దు. అవుటైన వాళ్లు అక్కడే సిట్టింగ్ బ్లాక్‌లో కూర్చుంటారు, ఏ వరుసలో అవుటయ్యారో ఆ వరుసలోనే మళ్లీ లోపలికొస్తారు. అంటే తమ జట్టు వాళ్లు కూతకు వెళ్లినప్పుడు వరుసలో మొదట ఉన్న పిల్ల సగం లేచి ఉంటుంది, రెండు పిడికిళ్లూ నేలకు ఆనించి, కింది పెదవి పంటి కింద పెట్టుకుని, మోకాలి మీద మట్టి దులుపుకోవడం కూడా మర్చిపోయి. నాకు మ్యాచ్ మొత్తంలో ఇష్టమైన ఫొటోలు అక్కడే దొరికాయి. కూతకు వచ్చినవాణ్ని పట్టేసిన ఫొటో చూసి అందరూ లైక్ కొడతారు, ఈ ఫొటో మాత్రం వాళ్లమ్మ దాచుకుంటుంది.

ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతాడు. ఫోకస్ దొరకక చాలామంది ఇక్కడే విసిగిపోతారు. అందరి వెంటా కెమెరా తిప్పకుండా ఒక పోల్‌కు అవతల నాలుగైదు మీటర్ల దూరంలో, కాస్త పక్కగా, కింద కూర్చోండి. పోల్ మీద ఫోకస్ పెట్టుకుని ఆగండి. ఒక చేత్తో పోల్ పట్టుకుని ఒళ్లంతా గాల్లోకి విసిరే డైవ్ అక్కడికే వస్తుంది, మీరు దాని వెంట పడక్కర్లేదు. డైవ్ కొట్టిన పిల్ల మీ మీదికే జారి రావచ్చు, బ్యాగు, ట్రైపాడ్ లాంటివేవీ ఆ దారిలో పెట్టకండి.

సెట్టింగులు: షటర్ స్పీడ్ 1/1000 (సెకనులో వెయ్యో వంతు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటో, ఫోకస్ కంటిన్యూయస్‌లో (కదిలే మనిషి వెంట ఫోకస్ తనే మారుతూ ఉంటుంది, కెనాన్‌లో ఏఐ సర్వో అంటారు, నికాన్‌లో ఏఎఫ్-సి). ఇంతే, దీని మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. కిట్ లెన్స్ సరిపోతుందా అని అడిగారు. పెద్దల కబడ్డీ కోర్టే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, పిల్లలది ఇంకా చిన్నది, మిడ్ లైన్ పక్క నుంచి 18-55 కిట్ లెన్స్‌తో హాయిగా తీయొచ్చు. ఖోఖో, ఫుట్‌బాల్‌కు మాత్రం 55-250 లాంటి జూమ్ కావాలి, కొత్తదే కొనక్కర్లేదు, ఎప్పుడైనా ఇటొస్తే కోఠి గుజరాతీ గల్లీలో కెమెరా షాపులు ఓసారి చూడండి, మీ కెమెరా తీసుకెళ్లి తగిలించి చూసుకున్నాకే డబ్బులివ్వండి. మిట్టమధ్యాహ్నం ఎండ గురించి అందరూ భయపెడతారు కానీ, మన గ్రౌండ్లలో ఆరిన మట్టి వెలుతురును పైకి కొడుతుంది, మీరు కింద కూర్చుంటే ముఖాల మీద నీడ కొంత తేలికవుతుంది. సాయంత్రం అయితే సూర్యుడికి ఎదురుగా కూర్చోండి, లేచిన దుమ్ము మెరుస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోండి.

ఇంకో సంగతి, పీఈటీ సార్ ఫొటో తీయడం మర్చిపోకండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసినవాడే. సున్నం డబ్బా పట్టుకుని పొద్దున్నే గీతలు గీసేది, మోకాలు చీరుకుపోయిన పిల్లకు కట్టు కట్టేది, బస్ చార్జీలు జేబులోంచి ఇచ్చేది పీఈటీలే. వాళ్లు ఎవరి ఫొటోలోనూ ఉండరు.

పండుగల విషయానికొస్తే, ఇక్కడ ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత లాల్ దర్వాజ దాకా సాగుతాయి, ఆ పెద్ద గుళ్ల దగ్గర కెమెరాలకు కొదవ లేదు. నేను మా బస్తీ పోచమ్మ దగ్గరే ఉంటాను. పోతురాజు ఒంటికి పసుపు రాసుకునే గది గుమ్మం దగ్గర, బోనం కుండకు సున్నం పూసి బొట్లు పెట్టే వాకిట్లో. మీరూ మీ ఊరి జాతరలో ఊరేగింపు కంటే ముందు ఇళ్ల దగ్గరికి వెళ్లండి. రాత్రిపూట లైట్ల కింద తీస్తే ఫొటోల్లో అడ్డంగా చారలు పడతాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షటర్ 1/100 పెడితే చాలావరకు పోతాయి, బతుకమ్మ ఆడే వేగానికి ఆ స్పీడ్ చాలు కూడా.

బతుకమ్మ దగ్గర మాత్రం అడగకుండా మధ్యలోకి దూరకండి. పాతకాలపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళ చేతికి అప్పగించాడు. ఎవరు తీస్తున్నారన్నది ఫొటోలో ఉన్నవాళ్లకు ఎంత ముఖ్యమో ఆయనకు తెలుసు. మా కాలనీలో పదో తరగతి చదివే ఒకమ్మాయికి కెమెరా పట్టుకోవడం నేర్పించాను, సద్దుల బతుకమ్మ రోజు లోపలి వలయం ఫొటోలు ఆమే తీస్తుంది, నావాటి కంటే చాలా బాగుంటాయి. తంగేడు, గునుగు పువ్వు పేర్చేటప్పుడు వాళ్లు మాట్లాడుకునే తీరు, నవ్వే తీరు ఆమె ముందు మారవు.

అనుమతి గురించి ఖచ్చితంగా ఉండండి. హెడ్‌మాస్టర్‌కు ఒక కాగితం రాసివ్వండి, ఫొటోలు ఎక్కడ పెడతారో అందులో స్పష్టంగా రాయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, కాబట్టి తల్లిదండ్రుల మాటే ఆఖరు మాట. కబడ్డీలో పట్టుకునేటప్పుడు బట్టలు పక్కకు జరిగిన ఫొటోలు ఎంత షార్ప్‌గా వచ్చినా అక్కడికక్కడే డిలీట్ చేస్తాను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆన్‌లైన్‌లో పిల్లల పేరు, బడి పేరు కలిపి పెట్టను, పేర్లు ప్రింట్ల వెనకే ఉంటాయి.

ప్రింట్లు అన్నాను కదా, అవి తప్పకుండా వేయించండి. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, కానీ చాలా ఇళ్లల్లో ఫోన్ మారగానే అవీ పోతాయి. 4x6 సైజులో ల్యాబ్‌లో వేయించి, వెనక పేరు, తేదీ, ఏ మ్యాచో రాసి పీఈటీ సార్ చేతికివ్వండి. పిల్లల దగ్గర డబ్బులు తీసుకోకండి. ఖర్చు వెళ్లాలంటే వార్షికోత్సవాలు, ఫంక్షన్లు ఉన్నాయి, పేరు తెలిశాక వాళ్లే పిలుస్తారు.

ఈ వారం గ్రౌండ్‌కు కెమెరా లేకుండా వెళ్లి పీఈటీ సార్‌ని కలవండి, మండల స్థాయి పోటీలు ఎప్పుడో కనుక్కోండి. మీ కెమెరా ఏ మోడలో కింద రాస్తే కంటిన్యూయస్ ఫోకస్ ఏ మెనూలో ఉంటుందో చెప్తాను.